తొమ్మిదిండ్ల పటం

ఎదురింటి తాత పోయారని నాకు చెప్పింది మా వీధి మొదట్లో పూలమ్మే ఆమె. దసరా వెళ్లి నాలుగు రోజులైంది. ఎలక్ట్రానిక్ సిటీ బస్సు కోసం పొద్దున్నే నడుస్తుంటే, కడుతున్న మాల ఆపి నన్ను పిలిచింది.

"జర్మనీ ఇంటి పెద్దాయన పోయినాడంటమ్మా. పోయి చూసిరాపో. బస్సు రేపూ వస్తాది."

వెనక్కి తిరిగి వాళ్లింటికి వెళ్లాను. ఆయన మంచం పక్కన కిటికీ తెరిచే ఉంది. గోడ మీద ఆయన గీసిన ఊరి పటం ఎప్పటిలాగే ఉంది. నేను ఆ పటం వైపే చూస్తూ నిలబడ్డాను. చాలామంది నన్ను చూసి, ఈ పిల్లకు ఏడుపు కూడా రాదు అనుకుని ఉంటారు.

ఆయన జర్మనీ మనిషి కాదు. నాలుగు తరాలుగా ఈ కన్నడ నగరంలో, బళేపేటలో ఉన్న తెలుగు కుటుంబం. వాళ్ల నాన్నది గాజుల అంగడి. ఈయనకు అంగట్లో కూర్చోవడం ఇష్టంలేక ఇనుము పనిలో చేరి, బొమ్మసంద్రలో ఒక యంత్రాల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా రిటైరయ్యారు. పెళ్లయిన కొత్తలో, కొత్త యంత్రం పని నేర్చుకు రమ్మని కంపెనీ ఆయన్ను జర్మనీ పంపింది. పది నెలలు. అక్కడ ఫ్యాక్టరీ ఉన్న చిన్న పట్నంలో గది దొరక్క, కొండల మధ్య పల్లెలో ఒంటరిగా ఉండే ఒకామె ఇంట్లో దించారు. ఆ పల్లెలో ఉన్నవి తొమ్మిది ఇళ్లు. దాని అసలు పేరు తాత ఎప్పుడూ సరిగ్గా పలకలేదు. "మా తొమ్మిదిండ్లు" అనేవారు. తనకు గది ఇచ్చినామెను ఓనరమ్మ అనేవారు.

ఆ పటం నేను మొదటిసారి చూసింది ఆరో తరగతిలో. కాన్వెంటులో సిస్టర్ యూరప్ నదుల పేర్లు కంఠతా పట్టమంది. మెట్ల మీద కూర్చుని గొణుక్కుంటున్నాను. ఎవరైనా వింటుంటే నాకు గొంతు పెగలదు. ఎదురు గుమ్మంలో తాత వింటున్నారని చూసుకోలేదు.

"ఆ నదులకు నీళ్లు యాడినుంచి వస్తాయో చెప్పిందా మీ సిస్టరమ్మ?"

తల అడ్డంగా ఊపాను.

"అయితే లోపలికి రా."

పటం పాత ఫ్యాక్టరీ బ్లూప్రింటు వెనక గీసింది. యంత్రాన్ని గీసినట్టే ఊరిని గీశారు. పైనుంచి ఒక బొమ్మ, పక్కనుంచి ఒక బొమ్మ, ప్రతి దూరానికీ బాణం గుర్తులు, వాటి మీద కొలతలు. కొలతలన్నీ అడుగుల్లో. ఆయన వేసిన అడుగులు. అన్నిటికీ దిగువన ఒక సన్నని గీత.

"ఇదే వాగు. ఒక్క అంగలో దాటొచ్చు. ఇది పోయి పెద్ద వాగులో పడతాది, అది పోయి ఏట్లో, ఆ ఏరు పోయి మీ సిస్టరమ్మ చెప్పిన నదిలో. నది పేరు మర్చిపోతే మర్చిపో. దానికి యాడో ఒక అంగ వాగు ఉండాదని మాత్రం మర్చిపోవద్దు."

ఆ తర్వాత ఎన్నో సాయంత్రాలు ఆ పటం ముందు గడిపాను. ఊరు ఇరుకు లోయలో ఉంది. ఒక వాలుకు ఎండ, ఇంకో వాలుకు నీడ. ఇళ్లన్నీ ఎండవైపే. నీడవైపు ఏప్రిల్ దాకా మంచు కరగదు. ఎర్రరాతి నేల, దున్నినప్పుడల్లా రాళ్లు పైకి తేలతాయి. వాటిని ఏరి గట్ల మీద పోసీ పోసీ ఆ కుప్పలే గోడలయ్యాయి. రోడ్డు అక్కడితో ఆగిపోతుంది. "ఆ ఊరి మీద ఇంకో ఊరికి పోలేవు. ఆడ పనుంటేనే పోవాల" అనేవారు.

మొదట అక్కడ చేరింది అడవిలో బొగ్గు కాల్చేవాళ్లట. చెట్ల మధ్య గుండ్రంగా చదునుగా ఉన్నచోట గుంత తీస్తే ఇప్పటికీ నల్లమట్టి వస్తుందట. తర్వాత అడవి కొట్టి పొలాలు చేశారు. రెండో ప్రపంచయుద్ధంలో వాళ్ల చిన్న చర్చి గంటను ఆయుధాల కోసం కరిగించడానికి పట్టుకుపోయారు. చాలా ఏళ్లు ఆదివారాల్లో ఒక ఇనుప పట్టీని వేలాడదీసి సుత్తితో కొట్టేవాళ్లు. ఆ కథలో తాతకు జాలికంటే ఆసక్తి ఎక్కువ. "మంచి స్టీలైతే దాని నాదమూ బాగానే ఉంటాదప్పా" అనేవారు.

తొమ్మిది ఇళ్లకూ కలిపి రొట్టెలు కాల్చే రాతి పొయ్యి ఒకటుంది. శనివారం దాన్ని వెలిగిస్తారు. చల్లబడిన పొయ్యిని వేడెక్కించడానికి మొదటి ఇంటివాళ్లకు కట్టెలు ఎక్కువ పడతాయి. అందుకని ఈ వారం మొదట కాల్చినవాళ్లు వచ్చే వారం చివర. ఈ పద్ధతి తాత మా వీధికి తెచ్చారు. మా వీధి నల్లిలో, అంటే కొళాయిలో, నీళ్లు వదిలినప్పుడు మొదటి రెండు బిందెలూ తుప్పు నీళ్లే. ఈరోజు ఆ తుప్పు పట్టుకున్నవాళ్లు రేపు చివర. అది ఎక్కడినుంచి వచ్చిన ఏర్పాటో తెలియకుండానే మా వీధి ఆడవాళ్లు ఏళ్లకేళ్లు పోట్లాడుకోకుండా నీళ్లు పట్టుకున్నారు.

ఓనరమ్మ కూడా ఆ ఊళ్లో పుట్టిన మనిషి కాదు. యుద్ధం అయిపోయాక తల్లితో, ఒక చేతిబండితో, తూర్పు నుంచి నడిచి వచ్చిన పదేళ్ల పిల్ల. ఖాళీగా ఉన్న తొమ్మిదో ఇంట్లో వాళ్లను ఉంచారు. అక్కడ ప్రతి ఇంటికీ ఒక పేరుంది. అందులో ఎవరు వచ్చి ఉన్నా ఊరు వాళ్లను ఆ పేరుతోనే పిలుస్తుంది. తల్లీకూతుళ్లనూ అలాగే పిలిచింది. తర్వాత తాతనూ అలాగే పిలిచింది.

"మా ముత్తాత కాలం నుంచి ఈడనే ఉండాం. అయినా ఆటో ఎక్కితే 'మీది ఏ ఊరు' అంటారు. ఆడ పది నెల్లకే నన్ను ఇంటోన్ని చేసుకున్నారు." ఈ మాట ఆయన ఎన్నిసార్లు అన్నారో.

ఆ ఇంటి వంటగది కిటికీ పక్కన ఓనరమ్మ ఒక అక్రోటు మొక్క నాటింది. అక్రోటు ఉన్నచోటికి ఈగలు రావని వాళ్ల నమ్మకం. ఆ వేసవంతా షిఫ్టుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వాగు నుంచి దానికి నీళ్లు మోసింది తాతే. పటంలో ఆ మొక్క ఒక చుక్క. పక్కన "మోకాలెత్తు" అని రాసుంది.

మా వీధిలో ఈ ఊరిని ఎవరూ నమ్మలేదు. ఒక్క ఫోటో లేదు. ఆయనకు ఆ భాష రాయడం రాదు, ఓనరమ్మకు ఇంగ్లీషు రాదు, ఉత్తరాలూ నడవలేదు. అందరికంటే అవ్వే, అంటే ఆయన భార్యే, ఎక్కువ ఎగతాళి చేసేది. "సుమ్నే, ఉత్తుత్తికే చెప్తాడమ్మా. పది నెల్లు బొమ్మసంద్రలోనే యాడో దాక్కోనుండాడు." ఆయన నవ్వేవారు. కాలేజీలో నేను రెండో భాషగా జర్మన్ తీసుకున్నానని చెప్పినరోజు మాత్రం అవ్వ వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పు" అన్నారు.

కిందటేడు ఆయాసం ఎక్కువై మంచం పట్టారు. ఒక ఆదివారం నా ఫోన్లో, ఆకాశం నుంచి తీసిన బొమ్మల్లో, ఫ్యాక్టరీ ఉన్న పట్నం నుంచి దారి పట్టుకుని పోయి ఆ ఊరిని వెతికి పెట్టాను. రోడ్డు ఆగిపోయే చోటు, దాని అసలు పేరు దొరికాయి. వాగు దొరికింది. ఒక్కో ఇంటి కప్పు మీదా గోరు ఆనిస్తూ దాని పేరు చెప్పారు. ఎనిమిది చెప్పి ఆగారు.

"ఇంకోతూరి ఎంచు."

ఎంచాను. "ఎనిమిదే కనపడ్తాండాయి తాతా."

ఓనరమ్మ ఇల్లు ఉండాల్సిన చోట పచ్చగా ఉంది, అంతే.

అవ్వ అలవాటుగా, "తొమ్మిదిండ్లు తొమ్మిదిండ్లని ఇన్నేండ్లు ఊదరగొట్టినావే, ఒకటి యాడ పడేసుకున్నావప్పా?" అంది. ఆయన నవ్వలేదు. అవ్వ కూడా వెంటనే తగ్గింది.

మర్నాడు పటం తీసేయమన్నారు. "అంతా నేను కల్పించుకున్నానేమో. వయసైతే అట్లే అవుతాదంట." అవ్వ తీయలేదు. "ఉండనీ. గోడ బోసిగా ఉంటాది" అని వంటింట్లోకి పోయింది.

ఆ సాయంత్రం నన్ను పిలిచారు. "ఆ భాష చదివినావు గదా. ఒక ముక్క రాసి అడుగమ్మా. ఆ ఇల్లు ఉండాదా లేదా, అంతే."

సరేనన్నాను. ఆ ఒక్క ముక్క రాయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఇది ఒప్పుకోవాలి. స్కూల్లో ఒక తప్పుంటే పేజీ మొత్తం తిరగరాయించేవాళ్లు. తెలియనివాళ్లకు, తెలిసీ తెలియని భాషలో, ఏమని మొదలుపెట్టాలో తోచక రాసీ రాసీ చించాను. ఒకటి పూర్తిగా రాశాక కూడా పంపలేదు. తాత ఒక్కసారీ తొందరపెట్టలేదు. ఏమైందని అడగను కూడా లేదు. చివరికి అవ్వే వీధిలో పట్టుకుంది. "ఏమ్మా, పెండ్లి సంబంధానికి రాస్తాండావా అంత ఆలోచించను? ఆయప్పకు అంత టైము లేదు."

ఆ రోజే పంపాను. మనిషి పేరు తెలియదు కాబట్టి కవరు మీద ఆ ఇంటి పేరు, ఊరి పేరు రాశాను. లోపల పటం జిరాక్స్ పెట్టాను.

నెల తిరక్కుండా జవాబు వచ్చింది. తాత మంచం పక్కన కూర్చుని చదివాను. వాక్యం చదవడం, తెలుగులో చెప్పడం. నా గొంతు అంత నిలకడగా పలకడం అదే మొదటిసారి.

రాసింది ఒక పడుచు జంట. నగరం నుంచి వచ్చి ఆ ఇల్లు కొనుక్కున్నారు. ఓనరమ్మ పోయి చాలా ఏళ్లయింది. వీళ్లకు ఆమె ఎవరో తెలియదు, కానీ ఊరు వీళ్లనూ ఆ ఇంటి పేరుతోనే పిలుస్తుంది. పటంలో కొలతలు తామూ అడుగులు వేసి సరిచూసుకున్నారట, రొట్టెల పొయ్యి దగ్గర ఒక్కచోటే తేడా. పొయ్యిని ఇప్పుడు ఏడాదికి ఒకసారే వెలిగిస్తారు. చివర ఇలా రాశారు: "ఇల్లు ఉంది. వేసవిలో పైనుంచి చూస్తే కనిపించదు. వంటగది పక్కన ఉన్న అక్రోటు చెట్టు మా కప్పు మొత్తాన్ని కప్పేసింది. దాన్ని ఎవరు పెంచారో మాకు ఇప్పుడు తెలిసింది. ఆకులు రాలాక ఫోటో తీసి పంపుతాం."

కవరులో ఆ చెట్టు ఆకు ఒకటుంది.

తాత ఆకును ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత నెమ్మదిగా నవ్వడం మొదలుపెట్టారు. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గుతూనే నవ్వారు.

"చెట్టు పెరుగుతాదని మర్చిపోయినానే! నలభై ఏండ్లు ఇనుముతో పన్జేసినోన్ని. ఇనుము పెరగదు గదమ్మా."

అవ్వ తలుపు దగ్గరే నిలబడి వింటోంది. "నీల్లు పోసేటప్పుడు తెలీదా? పెరగనని చెప్పిందా అది నీకు?" అంది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే అంది.

పటం దింపించి, పెన్సిలు నా చేతికిచ్చారు. "చెట్టు గీయి. ఇంత పెద్దది." రెండు చేతులూ చాపి చూపించారు. నేను పాడుచేస్తానేమోనని జంకాను. "పాడైతే పాడవనీ. ఇల్లు మాత్రం తుడపొద్దు. చెట్టు కింద ఇల్లు కనపడాల." వంకరగా ఒక పెద్ద వలయం గీశాను. "మోకాలెత్తు" అన్న మాట ఆ ఆకుల మధ్యనే ఉండిపోయింది. ఆ వలయం ఇప్పటికీ ఆ పటం మీద ఆయన చేత్తో గీయని ఒకే ఒక్క గీత.

తర్వాత నెలన్నరకు ఆయన పోయారు. అక్కడ ఆకులు ఇంకా రాలలేదు. నేను నాలుగు నెలలు జాగు చేయకపోతే అన్న ఆలోచన నాకు రోజూ వస్తుంది. లెక్క వేసి చూస్తే, ముందు రాసినా ఆకులు రాలేది ఆ చలికాలంలోనే. అయినా వస్తుంది.

ఫోటో డిసెంబరులో వచ్చింది. అవ్వకు తీసుకెళ్లి ఇచ్చాను. వెలుతురుకు పట్టుకుని చూసింది. మంచు, ఎర్రరాతి గోడ, వంటగది కిటికీ. వాటి మీద బోడి కొమ్మలు చాపిన పెద్ద చెట్టు. కొమ్మల సందుల్లోంచి నల్లటి కప్పు.

"ఉండాది" అంది అవ్వ.

లేచి ఆయన కళ్లజోడు పెట్టె తెరిచింది. అద్దాల మధ్య ఎండిపోయిన ఆ ఆకు ఉంది. దాన్ని తీయకుండా, పెట్టెను అలాగే తెరిచి, ఫోటో పక్కన కిటికీలో పెట్టింది. ఫోటోలో చెట్టుకు ఒక్క ఆకూ లేదు.