లైటు పడితే పాడే వినాయకుడు

మా మామగారు కిందటి నెల పోయారు. "పరిశ్రమకు తీరని లోటు" అని టీవీలో వరసపెట్టి చెప్పారు. అంతటి కెమెరామన్ పని లేక ఏళ్ల తరబడి శ్రీనగర్ కాలనీలో మా వరండాలో కూర్చున్నప్పుడు ఆ లోటు ఒక్కడికీ కనిపించలేదు.

ఆయన నోరు మంచిది కాదు. ఫిల్మ్ నగర్‌లో సగం మందికి ఆయనంటే పడదు, మిగతా సగమంటే ఆయనకి పడదు. "వీడి ముఖానికి లైటు దండగ" అని హీరో వినేలాగే అనేవారు. "ఇంట్లోకొచ్చినా నల్లకళ్లద్దాలు తియ్యనివాడి మాట నమ్మకమ్మాయ్" అని నాకు చెప్పేవారు.

ఊరంతా సాఫ్ట్‌వేర్ జ్వరంతో ఊగుతున్న రోజుల్లో ఒక నిర్మాత తన హీరోని సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని చేశాడు. ఆ హీరో ఆన్ చెయ్యని కంప్యూటర్‌ని సినిమా అంతా దబదబా బాదాడు. మామగారి ఆఖరి సినిమా అదే. ముహూర్తం నాడు ఆ నిర్మాత అందరికీ బంగారు రంగు ప్లాస్టిక్ వినాయకుణ్ణి పంచాడు. వెలుగు పడితే పాడతాడు. మాది ఇవ్వడానికి ఇంటికొచ్చి, అప్పుడే బడిలో వేసిన మా పాపతో "మంచిపిల్లలకే పాడతాడమ్మా" అని చెప్పి, కాఫీ తాగి పోయాడు.

పాప నమ్మింది. కిటికీకి ఎదురుగా బల్ల మీద పెట్టాం వినాయకుణ్ణి. పొద్దున్నే పాడుతూ ఉండేవాడు. పాప దణ్ణం పెట్టడానికి దగ్గరికెళితే చాలు, టక్కున ఆగిపోయేవాడు.

"పాప ముద్ద ముడ్తలేదమ్మా. నేను మంచిదాన్ని కాదంట, దేవునికి కోపమొచ్చిందంట, ఒకటే ఏడుస్తుంది" అంది మా ఇంట్లో పనిచేసే రహమత్ నగర్ ఆవిడ.

మామగారు మండిపడ్డారు. "ఆ వెధవకి పిల్లలతో మాట్లాడే అర్హత ఎవడిచ్చాడు?" అంటూ స్క్రూడ్రైవర్ తెచ్చి, పాపని ఆ బల్ల పక్కనే కూర్చోబెట్టుకుని, బొమ్మ వీపు విప్పారు.

"ఇదిగో, ఈ బొత్తాం లాంటిది దీని కన్ను. వెలుగు పడితే కరెంటుకి దారి ఇస్తుంది. కరెంటు వెళ్లి ఈ చిప్పుని లేపుతుంది. చిప్పు తనకొచ్చిన ఒక్క పాటా వాయిస్తుంది. వెలుగు తగ్గితే దారీ మూతపడుతుంది, నోరూ మూతపడుతుంది. అంతే. అచ్చం మన హీరోలే."

"మరి నేనొస్తేనే ఎందుకు ఆగిపోతాడు తాతయ్యా?"

"కిటికీకి అడ్డంగా నిలబడుతున్నావే పిచ్చిమొహమా! నీ నీడ పడుతోంది. నీడకి మంచీ చెడ్డా ఏముంటుంది?"

పాప లేచి కిటికీకి అడ్డం లేకుండా పక్కకి జరిగింది. పాట వచ్చింది. మళ్లీ అడ్డొచ్చింది. ఆగింది. అలా ఆడించి ఆడించి చివరికి పకపకా నవ్వి, అన్నం అడిగింది. ఆయన తిట్టిన తిట్లన్నీ ఆ ఒక్క పూట కోసం మర్చిపోయాను. విప్పిన బొమ్మని మళ్లీ బిగించడం మాత్రం ఆయనకి చేతకాలేదు.

పెద్దకర్మ నాడు అదే నిర్మాత వచ్చాడు, నల్లకళ్లద్దాలతో, వెంట టీవీ వాళ్లతో. ఈసారి మామగారి ఫోటో బిగించిన పెద్ద ఫ్రేము తెచ్చాడు. వాళ్లు లైటు వెయ్యగానే ఫ్రేము స్తోత్రం అందుకుంది.

"చూశారా, మహానుభావుడి ఆత్మ పలుకుతోంది" అని కళ్లు తుడుచుకున్నాడు, అద్దాల మీదనుంచే.

ఇప్పుడు నా భుజం దాటిన మా పాప లేచి వెళ్లి లైటుకి అడ్డంగా నిలబడింది. స్తోత్రం ఆగిపోయింది.

"జరుగమ్మా, అడ్డొస్తున్నావు" అన్నాడాయన.

"తెలుసండీ" అంది. కదల్లేదు. టీవీ వాళ్లు లైటు ఆర్పేదాకా పాప నీడ తాతయ్య ముఖం మీద అలాగే ఉంది.