గోడ అవతలి ఫోటో

పెరంబూరులో మాది అద్దె ఇల్లు. ఒకే ఇంటికి మధ్యలో సన్నటి గోడ లేపి రెండు పోర్షన్లు చేశారు. వంటింట్లో షెల్ఫ్ బిగించడానికి కార్పెంటరు రేపు, ఎల్లుండి అంటూ తిప్పుతుంటే నాకు ఒళ్లు మండింది. డ్రిల్లింగ్ మెషిన్ అడిగి తెచ్చుకుని నేనే మొదలుపెట్టాను. నొక్కగానే సర్రున దిగింది. నా పనితనానికి నేనే మురిసిపోతుంటే అవతల అద్దం పగిలిన చప్పుడు, వెంటనే పక్క పోర్షన్ రాజమ్మక్క కేక!

పరిగెత్తాను. పోయినేడు చనిపోయిన వాళ్లాయన ఫోటో దండతో సహా కింద పడి ఉంది. అది వేలాడిన చోట బొక్క. అందులోంచి మా వంటింటి లైటు కనిపిస్తోంది.

"ఆడ ఫోటో ఉందని తెలీదక్కా," అన్నాను ఏడుస్తూ.

"పోనీలేమ్మా. ఉన్నన్నాళ్లూ ఆయనా మేకు నిలవక ఈ గోడతోనే పోట్లాడినాడు," అంది గాజుపెంకులు ఏరుతూ.

బొక్కకి సిమెంటు పెట్టాను, రాలింది. మళ్లీ పెట్టాను, ఇంకాస్త పెచ్చుతో సహా రాలింది. చివరికి అక్కే అద్దం లేని ఆ ఫోటోని మళ్లీ అక్కడే తగిలించి మూసింది. ఇప్పుడు పొయ్యి దగ్గర తలెత్తితే బొక్కలోంచి ఆ ఫోటో వెనక అట్ట కనిపిస్తుంది. షెల్ఫ్ మంచం కిందే ఉంది. మా ఆయనతో పోట్లాడాలన్నా వంటింట్లో నాకు గొంతు లేవడం లేదు.