బాపు చాకు... నేను కొన్న చాకు

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం సాయంత్రం, కొత్తవాడలో మా ఇంటి వెనక బొగ్గుల బస్తా పక్కన కూర్చుని, కొత్త చాకును పాతది చేయడానికి నేను పడ్డ పాట్లు దేవుడికే తెలియాలి.

మసి పూశాను. కొబ్బరినూనె రాశాను. గచ్చు మీద అరగదీశాను. అయినా అది కొత్తగానే మెరుస్తోంది.

అసలు సంగతి చెప్తాను. మా నాన్నను బాపు అనేవాళ్ళం. ఆయన జంపఖానాలు నేసేవాడు. పెద్ద జంపఖానా అంటే ఇద్దరు పక్కపక్కన కూర్చుని చెరి సగం నేయాలి. బాపు పక్కన ఎప్పుడూ సారయ్య మామే. రంగు మారినప్పుడల్లా దారం కొసలు కోయడానికి ఇద్దరికీ కలిపి ఒకటే మడత చాకు. పేరుకు అది బాపుది, రోజంతా మాత్రం ఇద్దరి చేతుల్లో తిరిగేది.

ఆ శనివారం మామ నులక మంచం అల్లుకోవాలని దాన్ని ఇంటికి తీసుకెళ్లాడు. ఆదివారం పొద్దున్నే తెచ్చి, బాపు ఇంట్లో లేడని నా చేతికిచ్చి పోయాడు. తిన్నగా గూట్లో పెట్టేస్తే ఏ గొడవా ఉండేది కాదు. కానీ నా బుద్ధి గడ్డి తిన్నది... స్నేహితులతో పచ్చి మామిడికాయలు కోసుకుందామని గౌను జేబులో వేసుకుని పోయాను. ఉప్పూ కారం అద్దుకుని కడుపునిండా తిన్నాం. ఇంటికొచ్చి చూసుకుంటే జేబు ఖాళీ.

వెళ్లిన దారంతా మూడుసార్లు వెతికాను. దొరకలేదు.

అప్పుడు బజారులో నేల మీద పట్టా పరిచి సామాన్లు అమ్మే ఆయన గుర్తొచ్చాడు. నేను దాచుకున్న డబ్బులకు ఆయన దగ్గర అచ్చం అలాంటి చాకే వచ్చింది. "సేమ్ టు సేమ్ బిడ్డా" అన్నాడు. నేనూ నమ్మేశాను... నమ్మక ఏం చేస్తాను?

పక్కన పెట్టి పోల్చుకోవడానికి అసలుది లేదు కదా. కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాను. బాపు చాకు పిడి కొమ్ముతో చేసింది. ఆయన బొటనవేలు ఆనేచోట కాస్త గుంట పడి ఉండేది. దీనిది ప్లాస్టిక్, అంచు వెంట అచ్చు పోసిన గీత. దాని మేకులు ఇత్తడివి, దీనివి పసుపు రంగు పూసినవి. అది తెరిస్తే టక్కుమని బిగుసుకునేది, వెనక గట్టిగా నొక్కితే తప్ప మూసుకునేది కాదు. ఇది మాత్రం చిన్నగా తగిలినా వచ్చి వేళ్ళ మీద పడుతోంది. మసి పూస్తే ఇవన్నీ దాగుతాయా? ఆ రాత్రి దాన్ని అలాగే గూట్లో పెట్టేశాను.

సోమవారం బాపు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తెరిచాడు, మూశాడు, అటూ ఇటూ తిప్పాడు. మెల్లగా తలెత్తి మామ వైపు చూశాడు.

అప్పుడు అర్థమైంది నాకు. నా చేతికి వచ్చిన సంగతి బాపుకు తెలియదు. మామ ఇంటికి పోయిన చాకు డూప్లికేట్ అయి తిరిగొచ్చిందని అనుకుంటున్నాడు.

మధ్యాహ్నం అన్నానికి లేచేటప్పుడు బాపు, ఎప్పుడూ మగ్గం మీదే వదిలేసే చాకును చొక్కా జేబులో వేసుకున్నాడు. మామ అది చూశాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్య మాటల్లేవు... దారాన్ని కిందికి దిగ్గొట్టే ఇనుప పంజాల చప్పుడు తప్ప.

బాపు కోపమంతా పంజా మీద చూపించాడు. ఆయన సగం గట్టిగా బిగిసింది, మామ సగం వదులుగా ఉండిపోయింది. బుధవారానికి వరస వంకరపోయి జానెడు నేత విప్పాల్సి వచ్చింది. వాళ్ళు విప్పుతుంటే నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది... మళ్ళీ మింగేశాను.

గురువారం మామ రాలేదు. వేరే మగ్గం చూసుకుంటున్నాడని అమ్మ ఎవరి నోటో విని వచ్చింది. ఒక్కడే నేయలేక బాపు సగంలో ఆగిన మగ్గం ముందు కూర్చున్నాడు. ఇక నా వల్ల కాలేదు.

"బాపూ... మామ మార్చలే. నేనే పోగొట్టిన."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నా చెయ్యి పట్టుకుని మామ ఇంటికి తీసుకెళ్లాడు. జరిగిందంతా తనే చెప్పాడు. మామ కోపం చేయలేదు, నవ్వనూ లేదు.

"చాకు పోతే పోయింది గని బావా... ఒక్క మాట నన్ను అడుగకపోతివి గదా."



రెండు రోజులకు మామ మళ్ళీ పనికొచ్చాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇద్దరూ కలిసే నేశారు, కలిసే తిన్నారు. కానీ ఆ రోజు నుంచి మామ తన చాకు తనే ఇంటి నుంచి తెచ్చుకునేవాడు.

మొన్న ఫోన్లో సామాన్లు కొనే చోట అలాంటి చాకే కనబడింది. అసలుదీ ఉంది, దాన్ని పోలిన చవకదీ ఉంది. జనం రెండింటికీ ఫోటోలు తీసి పెట్టి, చవకదైనా బాగానే పనిచేస్తోందని రాశారు. ఇప్పుడు ఏదైనా పోతే రెండు రోజుల్లో కొత్తది ఇంటికే వస్తోంది, ఎవరూ ఎవరినీ అనుమానించే పని కూడా లేదు. అది మంచిదే... అయినా అవన్నీ చదువుతుంటే ఆ బొగ్గుల బస్తా గుర్తొచ్చింది.

మామ ఇప్పుడు మడికొండలో కూతురి దగ్గర ఉంటున్నాడు. వచ్చే ఆదివారం వెళ్దామనుకుంటున్నాను. ఆ రోజు ఆయనకు చెప్పింది బాపు. నేను బాపు చొక్కా పట్టుకుని నిలబడ్డానంతే. ఇన్నేళ్లలో "తప్పు నాది మామా" అని నా నోటితో ఒక్కసారి కూడా అనలేదు.

మీరూ చిన్నప్పుడు చేసిన తప్పును ఎవరికైనా ఇంత ఆలస్యంగా చెప్పి ఉంటే, కింద రాయండి... వాళ్ళేమన్నారో కూడా రాయండి. ఆదివారం లోపల చదువుకుని పోతాను.