రెండు రింగుల కాపురం

రాత్రి ఎనిమిదింటికి దానమ్మ ఫోను రెండుసార్లు మోగి ఊరుకుంది. తెనాలిలో కూతురింట్లో చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చున్న దానమ్మ ఆ ఫోను వంక కన్నెత్తి అయినా చూడలేదు.

"మీ నాన్న అన్నం తిన్నారు" అంది, ఎవరూ అడక్కుండానే.

కూతురు ప్రశాంతికి ఒళ్ళు మండింది. "ఎన్ని గంటలు మాట్లాడినా ఫ్రీ అమ్మా ఇప్పుడు. ఆ రీచార్జి చేయించింది నేనే. నాన్నకి ఎన్నిసార్లు చెప్పానో!"

"ఆయనకి తెలీక కాదులేవే" అంది దానమ్మ.

నిజమే, తెలియక కాదు. జ్ఞానానందం లెక్కలు రాని మనిషి కాడు. బాపట్ల వ్యవసాయ కళాశాలలో గుమాస్తాగా చేరి, అక్కడే జుట్టు నెరిసి రిటైరైనవాడు. ప్రస్తుతం రేపల్లెలో ఇంటికి కాపలాగా ఉన్నాడు. ఇద్దరూ తెనాలి వచ్చి కూర్చుంటే ఇంటికి తాళం పడుతుందనీ, తెల్లారి మొదటి రైలుకి వచ్చి ఆస్పత్రి దగ్గరే కలుస్తాననీ ఆయన నిర్ణయం. తెల్లారితే దానమ్మకి ఆపరేషను.

గొంతు కింద నిమ్మకాయంత గడ్డ. భయపడాల్సింది కాదన్నారు గానీ, తీసెయ్యాలన్నారు. నిన్న సాయంత్రం డాక్టరు కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పాడు. గడ్డ పక్కనుంచే గొంతునరం పోతుందట. ఎంత జాగ్రత్తగా చేసినా కొందరికి గొంతు బొంగురుపోతుందట. నెలల్లో తిరిగొచ్చేవాళ్ళే ఎక్కువట. ఎక్కడో ఒకరికి మునుపటి గొంతు మళ్ళీ రాదట. ఆ "ఎక్కడో ఒకరు" అన్న మాట దగ్గరే దానమ్మ ఆగిపోయింది.

ఆమె సంపాదనంతా ఆ గొంతే. రేపల్లెలో ఒకటో తరగతి పిల్లలకి పాటకట్టి అక్షరాలు నేర్పిన గొంతు. ఆదివారం చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే, వెనక వరసలో కునికిపాట్లు పడే పెద్దలు కూడా సర్దుకుని కూర్చునేవాళ్ళు. అలాంటి గొంతు ఉన్నప్పుడే, ఉన్న ఈ ఒక్క రాత్రీ, మొగుడితో కడుపునిండా మాట్లాడాలని ఆమెకి కోరిక. పని మాటలు కావు, డబ్బు మాటలు కావు, ఊరికే. ఆయనే ఫోను చెయ్యాలి, ఈమె మాట్లాడాలి, ఆయన వినాలి. అంతకంటే ఏమీ లేదు.

తనే చేసి మాట్లాడొచ్చుగా అనొచ్చు ఎవరైనా. అడిగి పెట్టించుకున్న అన్నం ఆకలైనా తీరుస్తుంది. అడిగి మాట్లాడించుకున్న మాటలో ఏముంటుంది?

పెళ్ళైన నాటికి ఆయన ఉద్యోగం బాపట్లలో, ఈమె బడి రేపల్లెలో. చెరుకుపల్లి మీదుగా రోజూ బస్సుల్లో తిరిగితే జీతంలో మంచి భాగం కండక్టరు సంచిలోకే పోతుందని లెక్కగట్టి, జ్ఞానానందం బాపట్లలో మరో ఇద్దరితో కలిసి గది తీసుకున్నాడు. సోమవారం పొద్దున వెళ్తే శనివారం చీకటి పడ్డాక రావడం. కొన్నేళ్ళకి చేతి ఫోన్లు వచ్చాయి. ఎత్తి మాట్లాడితే డబ్బు, ఎత్తకపోతే ఉచితం. ఆ కిటుకు కనిపెట్టడానికి మనవాళ్ళకి ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు కదా. ఊరూవాడా మిస్డ్ కాల్సే. ఈ మొగుడూపెళ్ళాలు మాత్రం దాంతో ఒక భాషే కట్టుకున్నారు. ఒక రింగు, గదికి చేరాను. రెండు రింగులు, అన్నం తిన్నాను, ఇక పడుకుంటాను. మూడు రింగులు, ఈ వారం రావడం కుదరదు. తిరిగి ఈమె ఒక్క రింగు ఇస్తే, విన్నాను అని.

మొదట్లో దానమ్మకి అదొక ముచ్చట. ఎనిమిదయ్యేసరికి ఫోను బొడ్లో దోపుకుని పెరట్లో తిరిగేది. అది మోగి ఆగగానే, బాపట్లలో ఆయన చెయ్యి కడుక్కుని తువ్వాలుతో తుడుచుకోవడం కళ్ళకి కట్టేది. పక్కింటి భువనేశ్వరి, "ఏంటి వదినా, మోగితే ఎత్తవు, ఆగితే నవ్వుతావు!" అని ఆటపట్టించేది.

జ్ఞానానందాన్ని ఊళ్ళో కొందరు పిల్లికి బిచ్చం పెట్టడనీ, ఎంగిలిచేత్తో కాకిని తోలడనీ అనేవాళ్ళు. అవి నోటి తీట మాటలు. చర్చి కానుక ఏనాడూ తగ్గించలేదు ఆయన. ఇంటికొచ్చినవాళ్ళని కాఫీతో సరిపెట్టి పంపలేదు. తన చొక్కా కాలరు తిరగేసి కుట్టించుకుని, కూతురి పుస్తకాలకి మాత్రం అడిగినంత ఇచ్చాడు. రేపల్లె ఇంటికి స్లాబు పడింది ఆ పొదుపుతోనే. ప్రశాంతి చదువుకుని తెనాలిలో బ్యాంకు ఉద్యోగానికి ఎక్కిందీ ఆ పొదుపుతోనే. అలాంటివాణ్ణి పిసినారి అంటే అన్నవాళ్ళ కళ్ళు పోతాయి. దానమ్మ కూడా ఎన్నడూ అనలేదు, ఒక్క రోజు తప్ప. ఆ రోజు కూడా పైకి అనలేదు.

ఆ రోజు బళ్ళో ఉండగా ముసురు పట్టింది. పిల్లల్ని సాగనంపి, తడుస్తూ ఇల్లు చేరి, దీపం పెట్టుకుని ఒంటరిగా కూర్చుంది. ఎనిమిదైంది. ఫోను మోగింది. ఎందుకో ఆమె చెయ్యి ఆగలేదు, మొదటి రింగుకే ఎత్తేసింది. "ఏవండీ" అంది.

"ఎందుకెత్తావు?" అన్నాడు అవతల జ్ఞానానందం, ఇల్లు అంటుకుందేమో అన్నంత కంగారుగా. "ఏమైంది? హాస్టల్లో అమ్మాయి బాగానే ఉందా?"

"బాగానే ఉందండీ. ఊరికే..."

"ఊరికేనా! నిమిషం పోయింది కదే" అని పెట్టేశాడు.

ఆ శనివారం చేతినిండా జామకాయలు పట్టుకుని మామూలుగానే వచ్చాడు. ఆయనకి ఆ ఫోను సంగతి గుర్తు కూడా లేదు. దానమ్మ మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. నిమిషం ఖరీదు ఎంతో ఆమెకి తెలుసు. దానికి తను తూగలేదన్నది మాత్రం అప్పుడే తెలిసింది.

తర్వాత నిమిషం చవకైంది, ఆనక ఉచితమైంది. ఆయన రిటైరై ఇంటికే వచ్చేశాడు. ఇక ఎదురుగానే ఉంటాడు, కావలసినంత మాట్లాడుకోవచ్చని ఎంత ఆశపడిందో! కానీ దాచడం ఒక రోగం. డబ్బుకి పట్టిన చెయ్యి నెమ్మదిగా నోటికీ పట్టింది. ఆమె బడి కబుర్లు ఏవో మొదలుపెడితే, "అంతా బాగానే ఉందిగా?" అనేవాడు. బాగానే ఉందంటే ఇక చెప్పడానికేముందని ఆయన ఉద్దేశం. పేపరు చాటున ఆయనకి అంతకంటే దురుద్దేశం ఏమీ లేదు. రానురాను ఆమె కూడా, ఇది తర్వాత చెబుదాం, అది తీరిక చూసి చెబుదాం అని లోపలే వేసుకోవడం నేర్చుకుంది. కూరగాయలమ్మాయితో వాగేది, పిల్లలతో వాగేది. ఆయనకి చెప్పాల్సినవి మాత్రం పండక్కి దాచిన చీరల్లా మడతల్లోనే ఉండిపోయాయి.

"ఇంతకీ గొంతు సంగతి నాన్నకి చెప్పావా?" అంది ప్రశాంతి, చిక్కుడు గింజలు ఏరుతూ.

"ఎప్పుడు చెప్పనే?"

"అదేంటమ్మా! నిన్ననగా చెప్పాడు డాక్టరు."

"దానికి రింగు లేదుగా" అంది దానమ్మ, నవ్వబోయి నవ్వలేక.

ప్రశాంతి లేచి బాల్కనీలోకి వెళ్ళి తండ్రికి ఫోను చేసింది. కూతురి నంబరైతే ఆయన వెంటనే ఎత్తుతాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. "ఒక్కసారి అమ్మతో మాట్లాడు నాన్నా. నేను చెప్పానని చెప్పకు."  "సరేనమ్మా" అన్నాడు జ్ఞానానందం, అంతే. తల్లికి ఆ ఫోను దానంతటదే వచ్చినట్టుండాలని ప్రశాంతి ఏమీ చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి దానమ్మ ఫోను మోగింది. ఒకటి. వేళ కాని వేళ ఇదేంటి? రెండు. మూడు. మూడంటే రావడం కుదరదని. రేపు రావట్లేదా? ఆపరేషనుకి కూడా రారా? నాలుగు మోగింది, ఐదూ మోగింది. వాటికి అర్థాలు లేవు. ఇన్నేళ్ళలో ఆయన చేసిన ఫోను అంతలా ఎన్నడూ మోగలేదు. ఆగుతుంది, ఆగుతుంది అని చూస్తూ కూర్చుందే గానీ, ఆయన తనని పిలుస్తున్నాడని తోచలేదు. తోచి చెయ్యి చాచేసరికి ఆగిపోయింది.

 దానమ్మ ఆత్రంగా ఆయన నంబరు నొక్కింది. రేపల్లెలో జ్ఞానానందం ఫోను చేతిలో పట్టుకునే ఉన్నాడు. తెరమీద ఆమె పేరు పడింది. ఒకటి, విన్నాను అంటోంది. కానీ ఆగలేదేం? రెండు, మూడు... ఆయన చెయ్యి లేవలేదు. పాడు అలవాటు, రింగులు లెక్కపెడుతూ నిలబడ్డాడు. అదీ ఆగింది. పడుకునే మనిషిని మళ్ళీ లేపడం దేనికని ఆయన ఊరుకున్నాడు. పొద్దున్నే రైలుకి లేవాల్సిన మనిషి కదా అని ఈమె ఊరుకుంది.

"నాన్న చేశాడా?" అంది ప్రశాంతి గుమ్మంలోంచి, ముఖం వెలిగిపోతూ.

"చేశారు" అంది దానమ్మ. అబద్ధమేమీ కాదు.

మొదటి రైలు ఆలస్యంగా వచ్చింది. జ్ఞానానందం ఆస్పత్రికి చేరేసరికి దానమ్మకి ఆకుపచ్చ గౌను తొడిగి, చక్రాల మంచం మీద పడుకోబెట్టేశారు. ఆయన పరుగులాంటి నడకతో వచ్చి మంచం పట్టుకున్నాడు.

"రాత్రి ఎత్తలేదేం?" అన్నాడు.

"మీరెత్తలేదేం?"

ఇద్దరికీ జవాబు తెలుసు. నర్సు మంచం కదిపింది. ఆయన పక్కనే నడుస్తూ, "చెప్పు దానమ్మా, ఏంటో చెప్పాలనుకున్నావట. చెప్పు, వింటాను" అన్నాడు. జీవితంలో ఆ మాట అనడం అదే మొదలు.

దానమ్మ నోరు తెరిచింది. ఏళ్ళ తరబడి దాచినవన్నీ ఎక్కడున్నాయో చూసుకుంది. ఒక్కటీ చేతికి రాలేదు. తలుపు దగ్గరపడుతోంది. ఆయన ముఖం చూసింది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"టిఫిన్ తిన్నారా?" అంది.

తలుపు మూసుకుంది. ఆ గొంతుతో ఆమె అన్న ఆఖరి మాట అదే. జ్ఞానానందం గోడవారగా కుర్చీలో కూలబడి, పదిమందీ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు. ప్రశాంతి వచ్చి భుజం మీద చెయ్యి వేసినా ఆపుకోలేకపోయాడు.

ఆపరేషను బాగానే జరిగింది. గడ్డ ప్రమాదమైంది కాదన్నారు. గొంతు మాత్రం, డాక్టరు భయపడినట్టే, బొంగురుపోయింది. మాట్లాడితే ఎండుటాకు మీద నడిచినట్టు గాలి తప్ప ఏమీ రాదు. "తిరిగొస్తుందనే అనుకుందామమ్మా. ఈలోపల పొదుపుగా వాడండి" అని చెప్పి వెళ్ళాడు డాక్టరు.

జ్ఞానానందం రేపల్లె వెళ్ళలేదు. ఇంటికి తాళం వేసే వచ్చానని ఎవరితోనో ఫోనులో చెప్పడం దానమ్మ వింది. పగలంతా మంచం పక్కనే కూర్చుంటాడు. పేపరు తెచ్చుకుంటాడు గానీ విప్పడు. ఒకటి రెండుసార్లు ఆమె నిద్రపోతోందనుకుని, నీ ఫోనులో మీ అమ్మ పాడిన చర్చి పాటలేవైనా ఉన్నాయేమో చూడమ్మా అని కూతుర్ని గుసగుసగా అడిగాడు. ఉన్న ఒక్క వీడియోలోనూ అందరి గొంతులూ కలిసిపోయి ఉన్నాయి. అందులో ఈమెది ఏదో పోల్చుకోవాలని చెవికి ఆనించుకుని మళ్ళీ మళ్ళీ విన్నాడు. దానమ్మ కళ్ళు మూసుకునే ఉంది. ఇన్నాళ్ళూ పక్కనే ఉన్నదాన్ని ఆ రేకు డబ్బాలో వెతుక్కుంటున్నాడని జాలేసింది, కోపమూ వచ్చింది. కోపమే ఎక్కువ వచ్చింది.

మూడోనాటి సాయంత్రం ఆమె లేచి దిండుకి ఆనుకుని కూర్చుంది. ఆయన్ని దగ్గరికి రమ్మని సైగ చేసింది. నోరు తెరవబోతుంటే జ్ఞానానందం కంగారుగా చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు దానమ్మా, వద్దు. డాక్టరు చెప్పాడు కదా. ఉన్నది దాచుకో."

దానమ్మ ఆయన చెయ్యి పట్టుకుని పక్కకి తీసేసింది.

"ఇంకెంత దాచనండీ?" అంది.

గాలి తప్ప శబ్దం లేదు. అయినా ఆయనకి వినపడింది. చెయ్యి మళ్ళీ లేవలేదు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. పెద్ద సంగతేమీ కాదు. పొద్దున వచ్చే నర్సుది పొన్నూరట, అత్తగారితో పడదట, నిన్న బస్సు తప్పిపోయి ఏడ్చిందట. ఊపిరి చాలక మధ్యమధ్యలో ఆగింది, మింగుడుపడక మొహం చిట్లించింది, మళ్ళీ ఎత్తుకుంది. జ్ఞానానందం కుర్చీ లాక్కుని, నడుం వంచి, చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు. సగం మాటలు గాలికే పోయాయి.

"ఏంటి? బస్సు తప్పిపోయాక ఏమైంది?" అన్నాడు. "అందలేదు. మళ్ళీ చెప్పు."