గరిటె పట్టుకున్నవాడు

మా పక్కింటి వంటాయన పోయాడు. ఎల్లారెడ్డిలో ఆయన్ను అందరూ అట్లాగే పిలిచేవారు కాబట్టి నేనూ అట్లాగే రాస్తున్నాను. నిజానికి ఆయన బస్సు కండక్టరు. ఇంట్లో చాయ పెట్టడం కూడా చేతకాదు. మా వయసంతా ఊరూరా ఆడిన ఒక హాస్యనాటకంలో ఆయనది వంటవాడి వేషం, నాది అల్లుడి వేషం. బస్సులో టికెట్ అడిగితే జనం కూర ఏమి వండినవని అడిగేవారు. అట్లా ఆ పేరు నిలిచిపోయింది.

దహనమైన మర్నాడు బస్టాండు ముందు ఫ్లెక్సీ కట్టారు. పైన ‘అశ్రునివాళి’ అని పెద్ద అక్షరాలు. దాని కింద ఆయన పేరు. మధ్యలో నా ముఖం.

లింగంపేట ఆటో నడిపే ఆయన నన్ను చూసి రోడ్డు మీదే ఆగిపోయాడు. “నువ్వున్నవా పెద్దాయనా? ఇప్పుడే నీకు దండం వెట్టుకొని వస్తున్న” అన్నాడు.

ఇది ఎట్లా జరిగిందో చెప్పాలంటే నాటకం కథ చెప్పాలి. ఒక ఇంటివాళ్లు పట్నం నుంచి వచ్చే, ఇంకా ముఖం చూడని కాబోయే అల్లుడి కోసం ఎదురు చూస్తుంటారు. అదే బస్సులో పెళ్లికి పిలిచిన వంటవాడూ దిగుతాడు. అల్లుడు వానలో తడిసి, చొక్కా విప్పి, భుజాన తువ్వాలుతో వస్తాడు. వంటవాడి ఒంటిమీద ఎవరో ఇచ్చిన పాత కోటు ఉంటుంది. కోటును కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాలు చేతికి గరిటె ఇచ్చి పొయ్యి దగ్గరికి తోలుతాడు మామ. మా ఇద్దరికీ కలిపి ఉన్న ఒకే ఒక ఫొటో ఆ రంగంలోనిది. ఫ్లెక్సీ చేయించిన కామారెడ్డి పెద్దమనుషులు అందులోంచి గరిటె పట్టుకున్నవాణ్ణి కత్తిరించి పెట్టారు. రంగస్థలం మీద మామ చేసే తప్పునే, నాటకకళ మీద ఉపన్యాసాలిచ్చే వీళ్లు బజార్లో చేశారు.

వీళ్లతో నా లెక్క పాతదే. కామారెడ్డి సభల్లో శాలువాలు కప్పుకొని, హాస్యం నాటకం కాదని, పొట్ట నొప్పిపుట్టేలా నవ్వించడం కళ కాదని చెప్పినవాళ్లు వీళ్లే. నేను దొరికిన నాటకమల్లా చదివాను. మనిషిని మనిషి గుర్తుపట్టకపోవడం కన్నా పెద్ద విషాదం ఏ ఏడుపు నాటకంలోనూ నాకు కనపడలేదు. వంటాయన ఏమీ చదవలేదు గాని, ఆ కోటు వేసుకొని ఎప్పుడూ కుర్చీ అంచుమీదే కూర్చునేవాడు. దర్జాగా వెనక్కి వాలితే ఇంకా నవ్వుతారు కదా అని ఒకసారి అన్నాను.

“నవ్వించుడు నా పని గాదన్నా. అవతల పొయ్యి మీద పప్పు మాడుతున్నదని నేను భయపడుత. వాళ్లు నవ్వుతరు” అన్నాడు.

ఇన్నేళ్లూ ఆయన కన్ను ఆ లేని పొయ్యి వైపే ఉండేది. ఏ ఊరి రంగస్థలమెక్కినా ముక్కుతో ఓసారి గాలి పీల్చేవాడు.

మాచారెడ్డిలో ఆట అయ్యాక భోజనాలు పెట్టారు. నన్ను పెద్దల వరుసలో చాప మీద కూర్చోబెట్టి, ఆయన్ను వంటవాళ్ల దగ్గరికి పంపారు. అవమానించాలని కాదు, అలవాటుగా. నాకు మండిపోయింది. విస్తరి వదిలి, గొడవ పెట్టుకొనే ఊపులో ఆయన దగ్గరికి పోయాను. ఆయన కాస్త జరిగి పీట చూపించాడు. “కూసో అన్నా, ఈడ బువ్వ వేడిగున్నది” అన్నాడు. ఆ తరవాత ఏ ఊళ్లోనూ నేను పెద్దల వరుసలో తినలేదు. వాళ్లు దాన్ని నా పొగరన్నారు. అననీ.

ఫ్లెక్సీ చూసి నేరుగా ఆయన ఇంటికి పోయాను. ఆయన భార్య గడపలో కూర్చుని ఉంది. పొద్దున్నే చూసి వచ్చిందట. “మంచిగనే ఉన్నవు బావా” అని నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగింది. “ఆయన యాడన్న ఓ మూలకున్నడేమోనని మొత్తం ఎదికిన” అంది.

ఫ్లెక్సీ కట్టించిన కామారెడ్డి పెద్దమనిషికి ఫోను చేశాను. దాని అడుగున ఆ పెద్దమనిషి ఫొటో ఉంది, అనుచరుల ఫొటోలు ఉన్నాయి. ఇప్పుడు మార్చుడు కష్టమన్నాడు. “అయినా సార్, దూరంకెళ్లి చూస్తే ఎవరైతేంది?” అన్నాడు.

“అయితే నీ ఫొటో తీసేసి ఆడ ఆయనది వెట్టు. దూరంకెళ్లి ఎవరైతేంది?” అన్నాను.

ఫోను పెట్టేశాడు. సంతాప సభలో నాకు ముందు వరుస కుర్చీ, మాట్లాడే అవకాశం ఉందని తరవాత ఎవరితోనో చెప్పి పంపాడు. పోలేదు. అదే ఫొటోలో రెండో సగం తీసుకొని కొత్త ఫ్లెక్సీ నేనే చేయించాను. అడుగున ఎవరి ఫొటో లేదు, నాది కూడా. పాతది విప్పించి కొత్తది కట్టించేదాకా బస్టాండు ముందు నిలబడ్డాను. ఆయన భార్య వచ్చి చూసింది. కొంగుతో ఆ ముఖం మీది దుమ్ము తుడిచింది.

పాతదాన్ని లింగంపేట ఆటో ఆయన అడిగి తీసుకుపోయాడు. మొన్న అటు పోతుంటే రోడ్డు పక్కన ఆరబోసిన మక్కజొన్నల కుప్ప మీద కప్పి ఉంది. వాన పడుతోంది. నేను, నా కింద కామారెడ్డి పెద్దలు, వరుసగా తడుస్తున్నాం. లోపల మక్కలు పొడిగానే ఉన్నట్టున్నాయి. ఎల్లారెడ్డి బస్టాండులో మాత్రం కోటు వేసుకొని ఒకాయన కుర్చీ అంచుమీద కూర్చున్నాడు. మెడ కాస్త పక్కకు తిప్పి, పప్పు మాడుతోందేమోనని చూస్తున్నాడు.