క్లోరిన్‌ని పట్టే ఉపాయం

ఎనభైల చివర్లో విశాఖపట్నంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. నా పక్కన కూర్చునేవాడు చేపల వేటకెళ్లే వాళ్లింటి అబ్బాయి. పొద్దున్నే ఒడ్డున తండ్రితో పాటు వలలు విప్పి, ఆ నీచువాసనతోనే ల్యాబ్‌కి వచ్చేవాడు. అయినా మార్కుల్లో నాకంటే ముందుండేవాడు. అది నాకు మింగుడుపడేది కాదు.

దక్షిణ ధ్రువం మీద ఓజోన్ పొరకి చిల్లుపడిందని పేపర్లు రాస్తున్న రోజులవి. దాన్ని రసాయనాలతో బాగుచేయగలమా అని మాస్టారు క్లాసులో అడిగారు. ఓజోన్ ఇక్కడే తయారుచేసి విమానాల్లో పైకి పంపుదామన్నాను.

"అంత కరెంటు ఎక్కడిదయ్యా? పంపినా పైనున్న క్లోరిన్ దాన్నీ తినేస్తుంది" అన్నారాయన. క్లాసంతా నవ్వింది.

వాడు మెల్లగా లేచాడు. "క్లోరిన్నే పట్టేత్తే సార్? పైన ప్రొపేన్ గ్యాస్ వదిల్తే, దాన్లో హైడ్రోజన్ లాక్కుని యాసిడ్ అయిపోద్ది. ఇంక ఓజోన్ జోలికెళ్లదు."

మాస్టారు కుర్చీలో ముందుకు వంగారు. "వచ్చే వారం సెమినార్ నువ్వే ఇవ్వు."

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. లైబ్రరీలో కూర్చుని వాడి ఉపాయంలో తప్పు వెతికాను. కొత్తగా వచ్చిన జర్నల్లో దొరికింది. అక్కడి చలికి ఏర్పడే మంచు మేఘాల మీద ఆ యాసిడ్‌లోని క్లోరిన్ మళ్లీ బయటపడుతుందట. వాడికి చెప్పలేదు. జర్నల్‌ని పాత సంపుటాల వెనక్కి తోసేశాను.

సెమినార్‌లో వాడు ముగించగానే లేచి అదే అడిగాను. వాడు బోర్డు మీద తను రాసిన సమీకరణం వంక చూసి, సుద్దముక్క కింద పెట్టాడు. "తెలీదు సార్. ఇదే నిజమైతే నాను సెప్పింది పని సెయ్యదు" అని మాస్టారికి చెప్పి కూర్చున్నాడు.

బయటికి రాగానే నా భుజం పట్టుకున్నాడు. "అదెక్కడ సదివావు బావా? కొత్త సంచిక కోసం నాలుగు రోజుల్నుంచి ఎతుకుతన్నాను. దొరకనేదు."

లైబ్రరీకి తీసుకెళ్లి, సంపుటాల వెనక చెయ్యిపెట్టి తీసిచ్చాను. వాడు ఆ సందువైపు చూశాడు, నావైపు చూశాడు.

"ముందే సెప్పుంటే ఇద్దరం కలిసి సెప్పేవోళ్లం కదా."

వాడు అక్కడే నేలమీద కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. రెండో పేజీకి వచ్చేసరికి నన్ను మర్చిపోయాడు. తన ఉపాయాన్ని పడగొట్టిన ఆ వ్యాసాన్నే, పెదాలు కదుపుతూ, ఇష్టంగా చదువుతున్నాడు. నాకు ఏ పుస్తకమూ అలా చదవడం చేతకాలేదు. మార్కులు చూసి ఎన్నడూ కుళ్లుకోనంతగా అప్పుడు కుళ్లుకున్నాను.

పరీక్షలయ్యాక మాస్టారు వాడిని పరిశోధనకు తీసుకున్నారు. నేను స్టీల్‌ప్లాంట్ ల్యాబ్‌లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాను.