అత్త అరుపు

మా మేనత్త పోయిన వారం తమిళనాడులోని కోవిల్‌పట్టిలో, తన ఇంట్లోనే కన్నుమూసింది. మేము ఇంకా చుట్టాలకు ఫోన్లు చేస్తూనే ఉన్నాం, ఈలోపే కబురు తెలిసినవాళ్ళంతా ఆమె అరుపును ఒకరికొకరు పంపుకోవడం మొదలుపెట్టారు. టీవీ కామెడీ సీరియల్లో ఆమెకు పేరు తెచ్చిన అరుపు అది. శవం ఇంట్లో ఉండగానే ఒక పెద్దమనిషి దాన్ని ఫోనులో పెట్టి, "ఎంత నవ్వించినాదో, పాపం" అన్నాడు. నేను ఆ ఫోను లాక్కుని వాకిట్లోకి విసిరాను. పగిలిందట. పగలనీ.

ఆ అరుపు సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. సీరియల్లో అత్తది గయ్యాళి పెళ్ళాం వేషం. మొగుణ్ణి చేటతోనో చీపురుతోనో కొడుతుంది. కొట్టిన వెంటనే తనే "అయ్యయ్యో!" అని గొంతు చించుకుంటుంది. సన్నగా మొదలై, పైపైకి పోయి, చివర కుక్కర్ విజిల్లా తెగుతుంది. ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చి, దెబ్బలు తిన్న మొగుణ్ణే తిట్టిపోస్తారు. ప్రతి వారం ఇదే తంతు. అయినా జనం పొట్ట పట్టుకుని నవ్వారు.

అత్త చిన్నప్పుడు కోవిల్‌పట్టిలోనే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు పేర్చేది. మేస్త్రీ నడకనూ దగ్గునూ అనుకరించి తోటి ఆడవాళ్ళను నవ్వించేది. మేస్త్రీ వెనకనుంచి వచ్చి చెంప పగలగొడితే, మర్నాడు ఆ దెబ్బ తిన్న తీరు కూడా చేసి చూపించిందట. అక్కడినుంచి తిరునాళ్ళలో నాటకాలు, ఆ తర్వాత చెన్నైలో టీవీ. షూటింగు ఉన్నన్నాళ్ళు అక్కడుండి, అవగానే రైలెక్కి విరుదునగర్ వచ్చేసేది. అది మా మామ ఊరు. ఆయనది మండీలో పప్పు మూటలెత్తే పని.

నేను వాళ్ళింట్లో ఉండే కాలేజీ చదివాను. రైలు దిగి ఇంటికి రాగానే అత్త మొహాన మిగిలిన రంగును కొబ్బరినూనెతో తుడుచుకుని, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ చద్దన్నం తినేది. తర్వాత నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ వేస్తూ, సెట్టులో జరిగినవన్నీ ఆడి చూపించేది. ఎలా పడాలో కూడా నేర్పింది. ముందు మోకాలు, తర్వాత తుంటి, ఆ తర్వాత భుజం. తల మాత్రం నేలకు తగలనివ్వకూడదు. "కెమెరా ముందర పడేదానికి పరుపు ఏస్తారు పాపా. ఇంట్లో ఎవురు ఏస్తారు?" అనేది. నవ్వుతూనే అనేది.

అలా ఎందుకనేదో తొందరలోనే చూశాను. సీరియల్ వచ్చిన సాయంత్రం టీ కొట్టు దగ్గర మండీవాళ్ళు మామను ఆటపట్టించేవారు. "ఏమన్నా, ఈ పొద్దు చేటా, చీపురా?" అక్కడ పళ్ళికిలించి, ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టేవాడు. టీవీలో ఆమె కొట్టిన దెబ్బలన్నీ ఆమెకే తిరిగి ఇచ్చేవాడు. జుట్టు పట్టి గోడకు బాదేవాడు. కింద పడేసి కడుపులో తన్నేవాడు. మొహం జోలికి మాత్రం పోయేవాడు కాదు. మొహం సంపాదించి పెడుతుంది కదా, ఆ మాత్రం తెలివి ఉంది. అడ్డం పోయిన నన్ను ఒకసారి విసిరికొడితే చెవి వెనక చీలింది. నేను కేకలు పెట్టాను. ఎవరూ రాలేదు.

మా వీధంతా తెలుగిళ్ళే, అంతా తెలిసినవాళ్ళే. కానీ అత్త అరిచిందంటే మొగుణ్ణి ఉతికేస్తోందని వాళ్ళ లెక్క. టీవీలో చూస్తున్నది అదే కదా. మర్నాడు కుళాయి దగ్గర, "పాపం మీ మామ, ఎట్ల తట్టుకుంటాడో" అని నాతోనే అనేవారు. కొట్టేది ఆయనే అని నేను చెబితే, "అత్తకు తగ్గ కోడలు, నీకూ బాగా వచ్చినాదే నటన" అని నవ్వేవారు. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఒక సాయంత్రం మామ మూటలు లాగే ఇనుప కొక్కెం చేతబట్టుకునే ఇంట్లోకి వచ్చాడు. ఆ రోజు సీరియల్లో అత్త మొగుణ్ణి చెప్పుతో కొట్టింది. కొక్కెం ఎత్తి అత్త మీద వేశాడు. అత్త చెయ్యి అడ్డం పెట్టింది. మోచేతి కింద దిగింది. దిగినదాన్ని లాగాడు. కండ చీలి, రక్తం నా ఓణీ మీద చిమ్మింది. అత్త అరిచింది. నటన కాదు, కానీ అదే అరుపు. మనిషికి ఉండేది ఒక్కటే గొంతు కదా. బయట పిల్లలు ఆ అరుపును తిరిగి అరిచారు. పెద్దవాళ్ళు నవ్వారు. గోడ అవతలినుంచి పక్కింటావిడ కేకేసింది: "అక్కా, ఇంగొక తూరి అరువు! మా ఆయన వినలేదు!"

అత్త నోరు మూసుకుంది. మామ మళ్ళీ కొక్కెం ఎత్తాడు. అత్త మూలనున్న రోకలి అందుకుని ఆ మణికట్టు మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆయన కూలబడ్డాక మోకాలి మీద వేసింది. సజ్జలు దంచినట్టు, చూసుకుని వేసింది. అప్పుడు అరిచాడు మామ. ఒక్కటే అరుపు.

వీధి వీధంతా వచ్చేసింది. తలుపు విరగ్గొట్టుకుని మరీ వచ్చారు. అత్త గోడకు ఆనుకుని, చీలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాళ్ళను చూసి, "ఆయన అరిస్తే వినబడినాదా మీకు?" అని అడిగింది. పక్కింటావిడ గుమ్మంలోనే వాంతి చేసుకుంది.

ఆసుపత్రి, పోలీసు స్టేషను, నా సాక్ష్యం, అన్నీ అయ్యాయి. మేము కోవిల్‌పట్టి వచ్చేశాం. మామ కుంటుకుంటూ విరుదునగర్‌లోనే మిగిలాడు. కుట్లు మానగానే అత్త చెన్నై బయల్దేరింది, తోడుగా నేనూ వెళ్ళాను. ఎప్పటి సీనే, కొట్టాలి, అరవాలి. కొట్టింది. అరవలేదు. డైరెక్టరు బతిమాలాడు, కోప్పడ్డాడు, ఆ అరుపు లేకపోతే నిన్ను ఎవరు చూస్తారని అడిగాడు. అత్త తల అడ్డంగా ఊపింది. తిరుగు రైల్లో నాతో అంది: "ఆ అరుపు వాళ్ళకు అమ్మేసినాను పాపా. నాకు కావాల్సినప్పుడు నా దెగ్గిర లేకుండా పోయినాది. ఇంగ ఇయ్యను."

వాళ్ళు కొన్ని వారాలు చూసి, ఆ వేషానికి ఇంకొకామెను తెచ్చుకున్నారు. తర్వాత అత్తకు వచ్చినవన్నీ చిన్న వేషాలే. పూలమ్మే మనిషి, ఆసుపత్రిలో ఆయా. బస్సుల్లోనూ పెళ్ళిళ్ళలోనూ జనం మాత్రం "ఒక్క తూరి అరువక్కా" అని వెంటపడేవారు. నవ్వి తల తిప్పుకునేది. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు స్నేహితుడు మైకు తెచ్చి మూతి దగ్గర పెడితే, దాంతోనే వాడి నెత్తిన ఒకటిచ్చింది. ఆ ఠంగుమన్న చప్పుడు పందిరంతా వినబడింది.

నాకు పెళ్ళయి పక్క వీధిలో కాపురం పెట్టినప్పుడు అత్త చేసిన పని ఒకటుంది. నా చెయ్యి పట్టుకుని ఇంటింటికీ తిప్పింది. "ఈ పాప గొంతు బాగా గుర్తు పెట్టుకోండి. ఈమె అరిస్తే అది నిజమే. అన్నం తింటా ఉన్నా లేసి రావాల" అని అందరిచేతా సరే అనిపించింది. మా ఆయన పాపం సిగ్గుతో చచ్చిపోయాడు. ఇన్నేళ్ళలో నేను అరవాల్సిన అవసరం రాలేదు. అయినా ఆ ఇళ్ళ మధ్య నేను నిశ్చింతగా నిద్రపోయాను. అత్త నాకు పెట్టిన సారె అదే అనుకుంటాను.

చివరికి అత్తకు క్యాన్సర్ వచ్చి, ఎముకల్లోకి పాకింది. నొప్పి వస్తే తువ్వాలు నోట్లో కుక్కుకుని మెలికలు తిరిగేది. పెదవి కొరుక్కుంటే రక్తం కారేది. "అరువత్తా, కొంచెమన్నా తగ్గుతుంది" అని ఏడ్చాను. "నవ్వుతారు పాపా" అంది. రోకలి ఎత్తిన మనిషి, అంత భయపడగా నేను ఎన్నడూ చూడలేదు.

పోయే ముందురోజు మధ్యాహ్నం నొప్పి తువ్వాలుకు ఆగలేదు. అరుపు బయటికి వచ్చేసింది, వీధి చివరిదాకా. అత్త చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వాకిలి వైపు చూసింది. ముందు ఎదురింటి పిల్ల వచ్చింది, సగం వేసిన జడతో. దాని వెనక వాళ్ళమ్మ, చేతుల నిండా పిండి. ఫ్యాక్టరీనుంచి ఇంటికి పోతున్న ఆడవాళ్ళు చెప్పులు కూడా విప్పకుండా దూసుకొచ్చారు. గుమ్మం నిండిపోయింది. అత్త ఒక్కొక్క మొహమే వెతికింది. ఎవరూ నవ్వడం లేదు.

ఎదురింటామె మంచం మీద కూర్చుని అత్త కాళ్ళు ఒళ్ళోకి తీసుకుంది. "ఏమక్కా, రొంబ నోస్తా ఉండాదా, అంత నొప్పా?" అని అడిగింది.

అత్త నోటిమీది చెయ్యి తీసేసింది. తల వెనక్కి వాల్చి, వాళ్ళందరి ముందూ తనివితీరా అరిచింది.